మొదటి గుక్క

వదినా,

మీ మాట వినుంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

పాలసీసా మెల్లిగా మాన్పించమన్నారు మీరు. సోమవారం నుంచి నాకు ఆఫీసు. సీసా తాగే పిల్లల్ని క్రెష్‌లో చేర్చుకోరట. అందుకే పాలపీకకి కాకరరసం పూసి పాప నోట్లో పెట్టాను. ఒక్క గుక్క తాగి, ఏడవకుండా నా మొహంలోకి చూసింది. అంతే, సీసా మానేసింది. ఘనకార్యం చేశాననుకున్నాను.

ఇప్పుడు నేను గ్లాసులో పాలిచ్చినా, ముద్ద కలిపినా ముందు నా నోటికే అందిస్తుంది. నేను మింగేదాకా రెప్ప వెయ్యదు. వాళ్ళ నాన్న ఇస్తే మాత్రం గటగటా తాగేస్తుంది.

"అమ్మ ఏం పెట్టినా, ముందు అమ్మకి పెట్టందే తినదు నా బంగారుతల్లి!" అని మీ తమ్ముడు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి మురిసిపోతున్నారు. పక్కన నుంచుని నేనూ నవ్వుతున్నాను. కాకరరసం సంగతి ఆయనకి చెప్పకండి.

మీ మరదలు