మూఢంలో నాటిన అశోక

మే 29
అశోకకి వేళ్ళొచ్చాయి. నేను నందిగామ టిష్యూకల్చర్ ల్యాబ్‌లో చేరిన రెండేళ్ళకి. అసలు అశోక, వానలు కురిసే కొండ అడవుల్లోది, బెరడు ఆడవాళ్ళ మందుకి వాడేది. కాంపౌండ్ గోడ పక్కన నిటారుగా పెంచేది కాదు. ఇన్నాళ్ళూ సీసాలో మొక్కకి తిండిగా పోసే జెల్లీ నల్లబడి మొక్క చచ్చేది. ఇప్పుడు దారప్పోగుల్లా తెల్లటి వేళ్ళు. సంతోషించే ఓపిక లేదు. బస్సులో మా చిల్లకల్లు దాకా నిలబడే వచ్చా.

మే 31
ఓనర్ కుటుంబరావుగారు ఎరువుల షాపు నుంచి వచ్చి చూశారు. ఇవి బతికితే సరి, లేకపోతే మిగతావాటిలా ఆ ర్యాకులు కూడా అరటి మొక్కలకే, అశోక ఎవడు కొంటాడమ్మా అన్నారు. వానలు పడ్డాక మట్టిలోకి మారుద్దామన్నా. ఏసీలో పుట్టినవి, రోహిణి కార్తె ఎండకి ఆగవు. ఆయన పంతులుగారికి ఫోన్ చేశారు. జూన్ ఆరు దివ్యంగా ఉందట. తర్వాత మూఢం, ఆపైన ఆషాఢం. తొలిసారి గడప దాటేవాటిని మూఢంలో తీస్తారా, నీ చదువులో చెప్పలేదా అన్నారు.

జూన్ 6, శుక్రవారం
తీశాం. ఆయన భార్య తాయారుగారు ట్రేలకి పసుపూ కుంకుమా పెట్టారు. ఒక ట్రేకి ఫంగస్ పట్టిందని అబద్ధం చెప్పి, సీసాలుంచే ఏసీ గ్రోత్ రూమ్‌లోనే దాచా. సీసాలు కడిగే హజరాబీ, ఫంగస్ భలే టైమ్‌కి వచ్చింది మేడం అంది.

జూన్ 9
షేడ్‌నెట్ కింద కూడా సెగే.

జూన్ 12
నాటినవన్నీ పోయాయి. కుటుంబరావుగారు తిట్టలేదు. ముహూర్తంలో లోపం లేదు, నీ మందుపాళ్ళలోనే ఏదో తేడా అన్నారు. నెలాఖరుకి ర్యాకులు ఖాళీ చెయ్యమన్నారు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నా.

జులై 1, మంగళవారం
పొద్దుట్నుంచి ముసురు. మూఢం, ఆషాఢం, మంగళవారం. ఇంతకన్నా చెడ్డ రోజు దొరకదు. ర్యాకులు ఖాళీ చేసే వంకతో దాచిన ట్రే బయటికి తెచ్చి మొక్కలు మట్టిలో పెట్టా. హజరాబీ పైన పాలిథిన్ కప్పింది. ఎవరన్నా అడిగితే నేను పెట్టానని చెప్పండి, నాకు మూఢం అంటదుగా అంది.

జులై 22
చిగురు. రాగిరంగు, మెత్తగా కిందికి వేలాడుతోంది. కుటుంబరావుగారు చూసి, ఇవీ పోయినట్టేనా అమ్మా అన్నారు. అశోక లేతాకు అలాగే వేలాడుతుందండి, బతికాయి అన్నా. ఆయన మొహం విప్పారింది. ఏ రోజు తీసినవి అన్నారు. నిజం నోటిదాకా వచ్చింది. ఆయన వెనక, ల్యాబ్ కిటికీలోంచి, నా ర్యాకుల్లోకి ఎక్కడానికి అరటి సీసాలు వరసగా కనిపిస్తున్నాయి.
ఆ శుక్రవారం ముహూర్తానివేనండి, ఓ మూల మిగిలాయి అన్నా.

జులై 23
ర్యాకులు నాకే. వచ్చే ఏడు కూడా రోహిణి కార్తెలోనే తీద్దామట. కలిసొచ్చిందట.