వియ్యంకుడి మంచం కింద పంపు

అక్కయ్యకు,

మన్సూరాబాద్ నుంచి నీ తమ్ముడు రాఘవయ్య దండం పెట్టి రాస్తున్నది. నీ నడుం ఎలా ఉంది? మందులు మానలేదు కదా? ఇక్కడ నేనూ, నీ మరదలూ, మా సుజాతా, పిల్లలూ బాగున్నాం. సుజాత మామగారు యాదగిరి కూడా నిక్షేపంగా ఉన్నాడు. అదొక్కటే లోటు.

ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. సుజాత వింటూ ఉంటుంది, వాళ్ళ మామగారిని ఒక్క మాట అననివ్వదు. కాగితం నోరు మూసుకుని వింటుంది.

ఎండలు మన రేపల్లె ఎండల్లా చెమట పట్టించవు, నెత్తినెక్కి మాడుస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చేపలు దొరుకుతాయి గానీ అవి చచ్చి ఎన్నాళ్ళయిందో అమ్మేవాడికే తెలియదు. నేనేమో మాట్లాడకుండా ఉండలేను, పలకడానికి మనిషి లేడు. ఉన్న ఒక్కడూ వియ్యంకుడు. ఇక నా ఒంటరితనం నువ్వే ఊహించుకో.

నువ్వు బస్సులో కూర్చోలేవని, మా ఇల్లుబండిలో పడుకోబెట్టి ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకొస్తానని మాటిచ్చాను కదా. ఇంకా రాలేదని అలిగి ఉంటావు. బండి ఎల్బీనగర్ షెడ్డులో పడింది.

ఆ పాత వ్యాను నేనూ యాదగిరీ చెరిసగం పెట్టి కొన్నాం, తీర్థయాత్రలకని. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే. వంతులవారీగా వాడుకుంటాం. ఒకరి డీజిల్ మరొకరికి పోకూడదని, బండి అప్పగించేనాటికి ముల్లు ఎర్రగీత మీదికి తెచ్చి మరీ అప్పగిస్తాం. వియ్యాలవారి మర్యాద అది. ఎవరూ నోటితో అనుకున్నది కాదు.

మెకానిక్ చూసి తల పట్టుకున్నాడు. "డీజిల్ పంపు కాలిపోయింది సార్. గా పంపు ట్యాంకులోనే డీజిల్ల మునిగుండాలె. గా డీజిలే దాన్ని సల్లగుంచుతది. మీరేమో ఎప్పుడూ ఉత్త ట్యాంకుతోనే నడిపిండ్రు."

"ఎంతవుతుంది?"

"పంపుకు పద్నాలుగు వేలు. ట్యాంకు దించెతందుకు పద్దెనిమిది."

వస్తువు కన్నా దాన్ని చేరుకోవడానికే ఎక్కువ. కాశీ ప్రయాణం కూడా అంతే అనుకో, ఆ సంగతి వదిలెయ్.

"కింద నీళ్ళ ట్యాంకు, మెట్లు, పైపులు అన్నీ ఇప్పాలె సార్. లేకుంటే బండి లోపల్నుంచి ఫ్లోరు కోసి, పంపు మార్చి, కోసిన కాడ మూత పెడ్త, రెండు వేలల్ల అయిపోతది. కానీ మంచం అడ్డమున్నది."

ఆ మంచం యాదగిరిది. పోచంపల్లిలో వాళ్ళ నాన్న నేసిన మగ్గం విప్పి, ఆ టేకుతో చేయించి, మళ్ళీ విప్పడానికి వీల్లేకుండా బండి నేలకు బిగించాడు. ఎవరెక్కినా ఆ కథ విని గానీ పడుకోకూడదు. నాకది కంఠతా వచ్చు.

"మంచం జోలికి రాకు బావా," అన్నాడు. "ట్యాంకే దింపిద్దాం."

"అయితే ఆ పద్దెనిమిది మీరే పెట్టుకోండి బావగారూ."

"నేనెందుకు పెడ్త? పంపు నీ వంతుల పోయింది."

పది రోజులు ఇదే పాట. అటు నువ్వు మూలుగుతున్నావు, ఇటు షెడ్డువాడు కిరాయి అడుగుతున్నాడు. మంగళవారం అతను కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి పోయిన సమయం చూసి మంచం నడిమికి కోయించేశాను. నువ్వు తప్పంటావు. అనుకో.

సాయంత్రం వచ్చి చూశాడు. కోసిన అంచును చేత్తో తడిమాడు. తిడతాడని నా మాటలు నేను సిద్ధం చేసుకున్నాను. తిట్టలేదు.

"బావా, గిది మా నాయిన మగ్గం కట్టె."

"మా అక్క నడుం కూడా మా నాన్న ఇచ్చిందే బావగారూ."

పంపు డబ్బులో సగం లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. మూతకు పైసా ఇవ్వలేదు. "బండిల సగం నాది," అన్నాడు. "నా సగం యాడికి పోతే నేను గాడికే వస్త."

కాబట్టి శుక్రవారం ఇద్దరం వస్తున్నాం. మంచం కోసినచోట పలక వేయించాను, నువ్వు హాయిగా పడుకోవచ్చు. పండుమిరప పచ్చడి ఓ జాడీ కట్టించు. భోజనాల దగ్గర మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టకు. తిరుగు దారంతా మేం మాట్లాడుకోం. అతను నన్ను అనాల్సినవి నీతో అంటాడు, నేను అతన్ని అనాల్సినవి నీతో అంటాను. నీ నొప్పి నీకు గుర్తుండదు.

ఊళ్ళో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. మేం దిగగానే నీ కాళ్ళకు మొక్కుతాం. అతనూ వంగుతాడు, నాకన్నా రెండేళ్ళు చిన్న. ముందు నా నెత్తిన చెయ్యి పెట్టు.

నీ దీవెన కోసం చూసే తమ్ముడు,
రాఘవయ్య