గంధం విషయమై సంజాయిషీ

చిలకలగూడ, సికింద్రాబాద్
8 సెప్టెంబరు 2025

ప్రియమైన హిమజకు,

క్షేమ సమాచారాలు ఫోనులో రోజూ దాఖలవుతున్నాయి గనుక ఇక్కడ తిరిగి విన్నవించను. నిన్నటి మన సంభాషణ యావత్తూ ఇది: "తిన్నవా?" "తిన్న. మీరు తిన్నరా?" "తిన్న. మోటర్ బంద్ చేసిన." తొమ్మిదేళ్ల దాంపత్యంలో మన మాటల సగటు నిడివి ఇంతే. దోషం పూర్తిగా నాది. ఎదురుగా మనిషి ఉన్నా, చెవి దగ్గర గొంతు ఉన్నా నాకు మాట రాదు. చేతిలో కాగితం ఉంటే వస్తుంది. పదిహేనేళ్లు కంపెనీ ఆవక జావక విభాగంలో లోకంలోని వారందరికీ ఉత్తరాలు పంపాను. నీకు ఒక్కటీ రాయలేదన్న సంగతి మే నెలలో విభాగాన్ని మూసేశాకనే నా దృష్టికి వచ్చింది.

విభాగాన్ని మూయించినవి కంప్యూటర్లు. వాటికి జబ్బు చేస్తే నయం చేసే విద్యలో నేనిప్పుడు విద్యార్థిని. శిక్షకురాలు ప్రిసిల్లాకు ఇరవై నాలుగేళ్లు. నన్ను అంకుల్ అని పిలుస్తుంది. ఆ పిలుపులో గౌరవం పాలు తక్కువ, హెచ్చరిక పాలు ఎక్కువ. మొదటి వారం కేబినెట్ విప్పి మళ్లీ బిగించమన్నది. బిగించాను. ఒక స్క్రూ మిగిలింది.

"ఆన్ అయింది గదమ్మా," అన్నాను.

"అయితది అంకుల్. వారానికి ఫ్యాన్ ఊగుతది, కస్టమర్ ఫోన్ చేస్తడు. అప్పుడు సుత గిట్లనే నవ్వుతరా?"

పక్క బల్ల తుకారాం మౌలాలిలో లారీ మెకానిక్. అతడు నాకు మద్దతుగా, "మేడం, నా లారీలల్ల నాలుగు మిగుల్తయి. నేనెన్నడన్న పరేషాన్ అయిన్నా?" అన్నాడు. ఆ మద్దతు వల్ల నా కేసు బలహీనపడింది.

పూర్వరంగం నీకు తెలిసినదే అయినా రికార్డు కోసం రాస్తున్నాను. మూడేళ్ల కిందట నీకు కాగజ్‌నగర్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను ఇక్కడ మిగిలాను. అక్కడి బడుల కంప్యూటర్లు చూసుకోవడానికి కాంట్రాక్టరుకు ఒక టెక్నీషియన్ కావాలని, ఈ సర్టిఫికెట్ ఉంటే చాలని జులైలో నువ్వే చెప్పావు. అక్టోబరు చివర పరీక్ష గట్టెక్కితే నవంబరులో నేను నీ దగ్గర ఉంటాను. ఉద్యోగం లేకున్నా రమ్మని నువ్వు మూడుసార్లు అన్నావు. భార్య జీతం మీద కూర్చోవడం నా వల్ల కాదని నేను మూడుసార్లూ అన్నాను. జీవితంలో నేను తడబడకుండా పలికిన వాక్యం అదొక్కటే కావడం విచారకరం. అయినా తీర్మానం మారలేదు.

ఇంటి స్థితి: మంచంలో నీ వైపు భాగం, దిండుతో సహా, నువ్వు వదిలి వెళ్లినట్టే ఉంది. ఎవరూ వాడలేదు.

నీ
వేణుమాధవ్
(జావక విభాగం, మాజీ)


చిలకలగూడ
4 అక్టోబరు

హిమజా,

విషయం: ఆయుధ పూజ నాటి ఘటనపై సంజాయిషీ.

పూజకు ముందు యంత్రాలన్నీ విప్పి దుమ్ము దులపమని ప్రిసిల్లా ఆదేశించింది. కంప్యూటర్‌కు గుండెకాయ వంటి ప్రాసెసర్ పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడిని పైనున్న ఫ్యానుకు అందించడానికి నడుమ బఠాణీ గింజంత తెల్లని పేస్టు పెట్టాలి. పాతది తుడిచి కొత్తది పెట్టడం ఆనాటి పని. బల్ల మీద పేస్టు గొట్టం ఉంది. పూజ కోసం తడిపిన గంధం గిన్నె దాని పక్కనే ఉంది. కేబినెట్లకు పైన బొట్లు పెడుతుంటే తుకారాం అభ్యంతరం తెలిపాడు.

"డబ్బా మీద బొట్టు పెడితే ఏం ఫాయిదా అన్నా? లారీకి బంపర్ మీద ఒక్కటే పెడ్తమా? ఇంజన్‌కు సుత పెట్టాలె."

వాదనలో లోపం కనిపించలేదు. ప్రాసెసర్ నడినెత్తిన గంధం బొట్టు పెట్టాను. చక్కగా కుదిరింది. ఆ తృప్తిలో పేస్టు సంగతి మరిచి ఫ్యాను బిగించి స్విచ్ వేశాను. పదకొండు నిమిషాలకు యంత్రం తనంతట తానే ఆగిపోయింది. తడి గంధం కిందికి జారి మదర్‌బోర్డును శాశ్వతంగా చంపింది.

ఇంతవరకూ రాసినది ప్రిసిల్లాకు సమర్పించిన సంజాయిషీకి నకలు. ఆమెకు సమర్పించనిది ఇకపై ఉంది.

అయిదో నిమిషంలో వాసన మొదలైంది. కాలిన వాసన వస్తే తక్షణం కరెంటు తీయాలన్నది రెండో రోజు పాఠం. నేను ఇతరులకు చెప్పగలిగినంత బాగా నేర్చుకున్నాను. కానీ అది కాలిన వాసన కాదు. శుక్రవారం తలస్నానం చేసి, దేవుడి దగ్గర మిగిలిన గంధం మెడకు రాసుకుని, తడి జుట్టు ముడి వేసుకుంటూ నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయాక మన నడవాలో కాసేపు నిలిచే వాసన. మూడేళ్లుగా ఇంట్లో అది లేదు. సెలవులకు నువ్వు వచ్చినా హడావుడిలో రాసుకోవు. రాసుకోమని అడగడానికి నాకు నోరు రాలేదు. స్విచ్ నా చేతికి జానెడు దూరంలో ఉంది. తీయాలని తెలుసు. తీస్తే వాసన పోతుందని కూడా తెలుసు. ఇంకో ఆరు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడ్డాను.

"అంకుల్, కండ్లు మూసుకొని ఏం సోంచాయిస్తున్నరు? మెషీన్ చచ్చిపోయింది," అన్నది ప్రిసిల్లా.

"మరిచిపోయినమ్మా," అన్నాను.

పరీక్షకు పంపే జాబితా నుంచి నా పేరు తీసేశారు. మళ్లీ అవకాశం జనవరిలో. నీ ఊళ్లో ఉద్యోగం నవంబరు దాకానే ఆగుతుంది. కాబట్టి నేను రాలేను. నిన్న ఫోనులో ఇది చెప్పాలనే మొదలుపెట్టి మోటారు గురించి చెప్పాను.

వేణుమాధవ్


కాగజ్‌నగర్
10 అక్టోబరు

శ్రీవారికి,

మీ సంజాయిషీ అందింది. మొదటిసారి స్టాఫ్ రూములో చదవడం నా పొరపాటు. పక్కన కూర్చునే హదస్సా టీచర్ కంగారుపడి, "ఏమైంది హిమజా, ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగారు.

"మంచిగనే ఉన్నరు. ఆయన కంప్యూటర్ ఖరాబ్ చేసిండు."

"దానికి ఏడుస్తరా ఎవరన్న?"

ఇక నా సంజాయిషీ. మీ కోసమనుకున్న ఆ ఉద్యోగం ఆగస్టు చివరలోనే కాంట్రాక్టరు బావమరిదికి దక్కింది. నాకది సెప్టెంబరు రెండో వారంలో తెలిసింది; ఆ ఆదివారం ఫోనులో మీకు తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఈలోగా మీ మొదటి ఉత్తరం వచ్చింది. అందులో ప్రిసిల్లా ఉంది, తుకారాం ఉన్నాడు, నా దిండు ఉంది. మిమ్మల్ని పెళ్లి చేసుకున్న తొమ్మిదేళ్లకు మీ మాట విన్నాను. ఉద్యోగం పోయిందంటే మీరు తరగతి మానేస్తారు, రాయడానికి ఏమీ ఉండదు, మళ్లీ మోటారే మిగులుతుంది. అందుకని ఊరుకున్నాను. లేని కొలువు కోసం మీరు కష్టపడి చదువుతున్నారని తెలిసి కూడా రోజూ పోస్టుమాన్ కోసం ఎదురుచూశాను. మీరు తెలిసీ ఊరుకున్నది ఆరు నిమిషాలు. నేను నెల రోజులు. శిక్ష ఎవరికి ఎక్కువ పడాలో మీరే తేల్చండి.

నాలుగోసారి రమ్మంటున్నాను. మొదటి మూడూ నోటితో అన్నాను; మీకు కాగితం మీది మాటే అందుతుందని ఇప్పుడు అర్థమైంది గనుక ఇది కాగితం మీద పెడుతున్నాను. నా జీతం మీద కూర్చోలేనన్నారు. ఇక్కడ ఉన్న కుర్చీ ఒక్కటే, దాని నిండా పిల్లల జవాబు పత్రాలున్నాయి. కూర్చునే ప్రశ్నే తలెత్తదు. జనవరి పరీక్ష మీరు ఇక్కడ చదువుకుని, అక్కడికి వెళ్లి రాసి రావచ్చు. అది కూడా తప్పితే, తప్పినవారిని నేను బడిలో రోజూ చూస్తూనే ఉన్నాను. వాళ్లూ సాయంత్రానికి ఇంటికే వెళతారు.

వచ్చాక మీకు మళ్లీ మాట రాదని నాకు తెలుసు. ఫర్వాలేదు. వరండా మెట్టు మీద రాసుకుని తలుపు సందులోంచి లోపలికి ఇవ్వండి. అక్కడి నుంచి పొయ్యి నాలుగడుగులే. మంట తగ్గించి, చదివి, జవాబు నేనే వచ్చి చెబుతాను.

హిమజ