మ్యాపులో బాణం గుర్తులు

బుధవారం, పుంగనూరు

ఈ రోజు తొమ్మిదో తరగతికి సముద్ర ప్రవాహాల పాఠం చెప్పాను. అడుగునున్న చల్లని నీళ్లు పైకొచ్చే చోట చేపలు చేరతాయి, వాటి కోసం పక్షులు గుమిగూడతాయి. ఇది నాకు ముందుగా చెప్పింది పుస్తకం కాదు, మంగళూరు బోట్లలో పనికిపోయిన తమ్ముడు సీనప్ప. "పక్షులు యాడ మూగితే ఆడే వల ఏస్తామక్కా" అనేవాడు ఫోన్లో.

వాడి బోటు మునిగి నలభై రోజులైంది. అందరూ దొరికారు, వాడు తప్ప.

సాయంత్రం మదనపల్లెలో వాడి భార్య రెడ్డెమ్మను చూడటానికి పోయాను. ఆమె నా సంచిలోని పాఠ్యపుస్తకం తీసి మ్యాపు తెరిచింది.

"నీళ్లు ఎట్ల పోతాయో నీకు తెలుసు గదా వదినా. ఆయన్ను యాడికి తీసకపోయినాయో సూపించు."

మంగళూరు నుంచి బాణం గుర్తుల వెంట కిందికి వేలు జరిపాను. కన్యాకుమారి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ పక్క మనుషులుండారా?"

"దీవులుండాయమ్మా" అన్నాను.

ఇన్ని రోజులకు ఆమె ముఖంలో వెలుగు చూశాను. లేచి పొయ్యి వెలిగించింది, నాతోపాటు కూర్చుని అన్నం తినింది.

ఆ మాట ఎందుకన్నాను? ఇక ఆమె ఎదురుచూస్తుంది.