మార్సియాల్ నిలబడని గోల్‌పోస్టు

నేను, సామ్యుయేల్ మజొరిక్, వయసు అరవై తొమ్మిది. సెవెన్ అనే ఫ్రెంచి కొండల కింద మా గనుల ఊరి క్లబ్బుకు పద్నాలుగేళ్లు గోల్‌కీపర్‌ని. ఇరవై ఆరేళ్లుగా, ఏ బడీ నేర్పకుండానే, వాక్యం ప్రకటిస్తున్నవాడిని. గుండె బలహీనమని డాక్టరు అంటున్నాడు. బుద్ధి మాత్రం స్థిరంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, దేవుడు చూస్తుండగా, స్వహస్తంతో ఈ వీలునామా రాస్తున్నాను. ఇదివరకు రాసినవి చెల్లవు.

1. ఇల్లు, వెనక చెస్ట్‌నట్ తోట, మేకలు నా ఏకైక కుమార్తె ఎస్తేర్‌కు. చట్టం ఎలాగూ ఆమెకే ఇస్తుంది. నేను సంతోషంగా ఇస్తున్నానని తెలియాలని రాశాను. తెల్లమేక చెవి కింద గోకితేనే పాలిస్తుంది.

2. అంచుల నిండా నేను రాసుకున్న బైబిలు సంఘపెద్ద ఎతియెన్ బొనాల్‌కు. నా మొదటి ప్రసంగం రోజునే, "బంతి పట్టేవాడికి వాక్యం ఏం పట్టుబడుతుందయ్యా?" అని నలుగురిలో అన్నాడు. క్షమించాను. మరచిపోయానని అబద్ధం రాయను. యెషయా గ్రంథం దగ్గర పేజీలు ఊడుతున్నాయి, మెల్లగా తిప్పమనండి.

3. నా గ్లవ్స్ మార్సియాల్ రూవియేర్‌కు. కారణం చెప్పకుండా ఇస్తే అది రెండో దొంగతనం. అతను ఆరేళ్లు మా రెండో గోల్‌కీపర్. ప్రతి మ్యాచ్ ముందు బంతులు కొట్టి నా ఒళ్లు వేడెక్కించి, వెళ్లి బెంచీ మీద కూర్చునేవాడు. 1979 కప్పు సెమీఫైనల్‌కు రెండు రోజుల ముందు నా ఎడమ చిటికెనవేలు విరిగింది. చెబితే గోల్లో అతనే నిలబడేవాడు. చెప్పలేదు. యాకోబు చేతులకు మేకపిల్లల తోలు కట్టుకుని గుడ్డి తండ్రిని మోసగించాడు. నేను వేలికి పట్టీ చుట్టి, పైన గ్లవ్ తొడిగి కోచ్‌ని మోసగించాను. గెలిచాం. పత్రికలో నా బొమ్మ వేశారు. ఆ వేసవిలో క్లబ్బు మార్సియాల్‌ని పంపేసింది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే బస్సు డ్రైవరయ్యాడు. ఊరందరి పాపాల మీదా బల్లగుద్దిన నాకు ఈ ఒక్కటి మాత్రం నోట రాలేదు.

ఇక్కడిదాకా రాసి కలం ఆపాను. చచ్చాక వినిపించే ఒప్పుకోలు పిరికివాడిది. పోయిన శుక్రవారం అతని ఇంటికి వెళ్లి, వంటగదిలో నిలబడి పైదంతా చదివాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్నవాడు పగలబడి నవ్వాడు.

"ఒరేయ్ సామ్, ఆ వేలు సంగతి వార్మప్‌లోనే పట్టేశాన్రా! కోచ్ కంట పడకూడదని బంతులన్నీ నీ కుడి చేతికే కొట్టా. అంత జనాన్ని చూసి నాకు కాళ్లు వణికాయిరా. నువ్వే ఆడాలని మొక్కుకున్నా. ఆ సిగ్గుతోనే, బస్సు మీ మందిరం ముందుకొస్తే తల తిప్పుకునేవాణ్ణి."

మోసపోయిన అన్న ఏశావు, చివరికి తమ్ముడు యాకోబు మెడ మీద పడి ఏడ్చాడు. ఇతను నా మెడ మీద పడి దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత, కాయల వైపు చూస్తూ, "ఒక్కసారైనా నిలబడాల్సిందిరా" అన్నాడు.

4. కాబట్టి ఆదేశిస్తున్నాను: పెంతెకొస్తు పండుగ మరునాటి సంఘం మ్యాచ్‌లో మొదటి నిమిషం నుంచి చివరిదాకా గోల్లో మార్సియాల్ నిలబడాలి. మోకాళ్ల సాకు చెల్లదు. ఎదుటి జట్టులో నేనుంటాను. ఆలోపు ప్రభువు పిలిస్తే నా బదులు, ఈ వీలునామా అమలు జరిపే ఎస్తేర్ ఆడుతుంది. ముసలివాడని జాలిపడి మెల్లగా కొట్టినవారికి నా ఆస్తిలో పుల్ల కూడా దక్కదు.

స్వహస్త వీలునామాకు చట్టం సాక్షులను అడగదు. మోషే ధర్మశాస్త్రం ఇద్దరిని అడిగింది.

2016 ఏప్రిల్ 27, బుధవారం
(సంతకం) సామ్యుయేల్ మజొరిక్

సాక్షులు:
లియా పుయెష్, మందిరంలో ఆర్గన్ వాయించే ఆవిడ
దానియేల్ వియాలా, రొట్టెల దుకాణం. ఎదుటి జట్టులో ఫార్వర్డ్