కుడి బుగ్గ మీదికి పోయిన పుట్టుమచ్చ

పారిస్, 9 నవంబరు 1896

అమ్మకు, నేను కులాసా.

మా నాటకానికి గోడల మీద అంటించే రంగుల బొమ్మలో నా మొహం ఆకుపచ్చగా ఉందని బెంగపడకు. జబ్బేమీ లేదు. రంగస్థలం అంచు దీపాలు కిందినుంచి కొడితే అందరం అలాగే కనిపిస్తాం. నిన్న అచ్చుశాలకు వెళ్ళి భూతద్దం పెట్టి చూశాను. చెంప నిండా పసుపు చుక్కలు, నీలి చుక్కలు. రాయి మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చొత్తుతారు, ఒక్కో రంగుకు ఒక్కో రాయట. పుట్టుమచ్చ మాత్రం కుడి బుగ్గ మీదికి పోయింది! అచ్చువేసే ముసలాయన బాస్తియాన్ నవ్వాడు.

“అచ్చులో ఎడమ కుడవుతుంది, అందుకే రాయి మీద బొమ్మ తిరగేసి గియ్యాలమ్మాయ్. మా చిత్రకారుడు తొందరలో ఉన్నదున్నట్టు గీసిపారేశాడు. చూడు, మీ నాటకంలో రాజుగారు కూడా ఎడంచేత్తో కత్తి దూశాడు!”

ఉన్ని మేజోళ్ళు పంపు, గదిలో చలి చంపేస్తోంది. తమ్ముడి దగ్గు తగ్గిందా? అక్రోట్లు ఎండాయా?

నాటకాల్లో చేరానని రెండేళ్ళుగా నా పేరెత్తని నాన్న, పొగాకు కొట్టు కిటికీకి అంటించిన ఆ బొమ్మ చూసొచ్చి, “మన ఒదీల్‌కు మచ్చ ఎడం పక్కన కదే, ఇదెవత్తో!” అన్నాడని రాశావు. రాయి సంగతి ఆయనకు చెప్పకమ్మా. ఇంకోసారి వెళ్ళి చూసుకోనీ.

అందరికీ ముద్దులతో,
నీ ఒదీల్