హొన్నూరమ్మకు స్కాలర్‌షిప్ వచ్చింది

గంగప్ప అన్నకు నమస్కారాలు. బెంగళూరులో నేను కులాసా, దగ్గు పోయిందని అమ్మకు చెప్పు.

ఈ రోజు నేను పనిచేసే యూనివర్సిటీ ఆఫీసులో గెలిచాను అన్నా. మన వైపు వై.ఎన్.హొసకోట ఊరి కాటప్ప తన కూతురు హొన్నూరమ్మ స్కాలర్‌షిప్ విచారణకు వచ్చాడు. అది రాకుంటే ఆ పిల్ల చదువు మానాల్సిందే. ఆఫీసరు పంట సంగతి అడిగాడు. కొత్తవాళ్ల ముందు మనవాళ్లు భూమిని తక్కువ చేసి మాట్లాడరు కదా, "ఏమీ కొదవ లేదు సార్" అన్నాడు కాటప్ప. అది లేనివాళ్లకే ఇచ్చేది కాబట్టి ఆఫీసరు పిల్ల పేరు కొట్టేయబోయాడు. నేను అడ్డుపడి మన మాటలో అడిగాను:

"కాటప్పా, విత్తనానికి శనక్కాయ ఎత్తిపెట్టినావా?"

ఆయన తల వంచుకున్నాడు. "యాడిదమ్మా, మాఘంలోనే తినేస్తిమి."

విత్తనం తినేసిన ఇల్లంటే తిండికి వేరే గింజ లేని ఇల్లని ఆఫీసరుకు చెప్పాను. వెంటనే మంజూరు చేశాడు. బయటికొచ్చాక హొన్నూరమ్మ నవ్వుతూ, "మా నాయన నోట నిజం రప్పిస్తివే! నువ్వు పోలీసోళ్లలో ఉండాల్సింది మేడమ్" అంది.

కూతురి ఎదుట ఆయన్ని అలా అడగవచ్చునా అని ఇంకా పీకుతూనే ఉంది. అయినా సంతోషం పట్టలేకున్నాను.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? బోరులో నీళ్లున్నాయా? వచ్చేవాళ్లతో ఉలవలు పంపు. మంగళవాడలో మన ఇంట విత్తనకాయ మిగిలితే, వానకు ముందే కాటప్పకు ఒక మూట ఇచ్చిరా. సాయమంటే తీసుకోడు. మా కాయ నీ నేలలో ఎట్లా మొలుస్తుందో చూడప్పా అని అడుగు.

పిల్లలకు దీవెనలు.
నీ చెల్లెలు భాగీరథి